చెవి కొలతకి ఇయర్‌ఫోన్: ఇంట్లో ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు



ఇదిగో, నా వేళ్ల మధ్య ఉన్నది చూడండి. చింతపిక్క కంటే కాస్త పెద్దది. గాజులా మెరుస్తోంది. లోపల సన్నటి తీగలు, వడ్లగింజ కంటే కొంచెం లావుపాటి పెట్టెలు కనబడుతున్నాయి కదా. దీన్ని కస్టమ్ ఇన్-ఇయర్ మానిటర్ అంటారు. స్టేజీ మీద పాడేవాళ్లు, వాయించేవాళ్లు చెవిలో పెట్టుకుంటారు చూడండి, అదే. పొట్టిగా ఐఈఎం అనుకుందాం. ఇది కొన్నది కాదండి. మా మేడ మీద గదిలో నేను చేసింది.

మనం షాపులో కొనే ఇయర్‌ఫోన్ రెడీమేడ్ చొక్కా లాంటిది. చిన్నది, పెద్దది, మధ్యస్థం అని మూడు రబ్బరు టిప్పులు ఇస్తారు, ఏదో ఒకటి సరిపెట్టుకోవాలి. ఇదేమో టైలర్‌కి కొలతలిచ్చి కుట్టించుకున్న చొక్కా. ఒకరి చెవికి చేసింది ఇంకొకరికి పట్టదు. అంతెందుకు, మన కుడి చెవిది మన ఎడమ చెవికే పట్టదు.

ఇవాళ రెండు విషయాలు చెప్తాను. ఇది ఇంట్లో ఎలా చేస్తారు అన్నది ఒకటి. ఇందులో ఏ ఒక్క పని ఇంట్లో చెయ్యకూడదు, ఎందుకు చెయ్యకూడదు అన్నది రెండోది. రెండోదే ముఖ్యమండి. ఆ తప్పు నేను చెయ్యబోయి ఆగాను. ఆపింది మా అక్క.

మా బావగారు కోనసీమలో ఒక ఆర్కెస్ట్రాలో రిథమ్ ప్యాడ్స్ వాయిస్తారు. కోరస్ కూడా పాడతారు. శ్రీరామనవమి పందిళ్లు, వినాయక చవితి, సంక్రాంతి, ఊరి జాతర్లు, పెళ్లిళ్లు. సీజన్ వస్తే వరసపెట్టి ప్రోగ్రాములే. స్టేజీ మీద వాయించేవాళ్ల వైపు తిప్పి కొన్ని స్పీకర్లు పెడతారు, గమనించారా? వాటిని మానిటర్లు అంటారు. ఎవరి పాట, ఎవరి వాయిద్యం వాళ్లకి వినబడాలని. అక్కడే తంటా మొదలవుతుంది. సింగర్ ‘నా గొంతు వినబడట్లేదు, పెంచండి’ అంటారు. అది పెరిగేసరికి కీబోర్డు ఆయనకి ఆయన వాయించేది వినబడదు. ఆయనదీ పెంచుతారు. ఇంక ప్యాడ్స్ వాళ్లు ఊరుకుంటారా? అందరిదీ పెరిగాక మళ్లీ సింగర్‌కి వినబడదు. తొమ్మిదింటికి మొదలైన సౌండు పదకొండింటికి ఎక్కడికో వెళ్లిపోతుంది.

ఒకరోజు మా బావగారు భోజనం చేస్తూ అన్నారు: ‘ఏరా, ప్రోగ్రాం అయిపోయి రెండు రోజులైనా చెవిలో కీచురాయి అరుస్తున్నట్టే ఉంది. పడుకుంటే ఇంకా ఎక్కువగా వినబడుతోంది.’ ఆయన మామూలుగా చెప్పేశారు. నాకే ముద్ద దిగలేదు.

ఎందుకో చెప్తాను. చెవికి ఒక లెక్క ఉంది. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటల వరకు ఉండొచ్చని పని చేసే చోట్లకి పెట్టుకున్న హద్దు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా టైమ్ సగమైపోతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే గంట, 97 అయితే అరగంట, 100 డెసిబెల్స్ అయితే 15 నిమిషాలే. డప్పులు, డ్రమ్స్, మానిటర్లు కలిసిన స్టేజీ మీద 100 దాటడం పెద్ద విషయం కాదు. అక్కడ ఆయన మూడు నాలుగు గంటలు కూర్చుంటారు.

ఇది స్టేజీ వాళ్ల గొడవే కదా, మనకెందుకు అనుకోకండి. 12 నుంచి 35 ఏళ్ల లోపు వాళ్లలో 100 కోట్ల మందికి పైగా, పెద్ద సౌండుతో వినే అలవాటు వల్ల వినికిడి పోగొట్టుకునే ప్రమాదంలో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ ఎపిసోడ్ ఫోన్‌లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తున్నవాళ్లు ఒకసారి వాల్యూమ్ ఎంతలో ఉందో చూసుకోండి.

అసలు ఈ కస్టమ్ ఐఈఎంల చరిత్రలో పేరున్న కథ కూడా ఒక డ్రమ్మర్‌దే. అమెరికాలో వాన్ హేలెన్ అనే రాక్ బ్యాండ్ ఉండేది. దాని డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలెన్ చుట్టూ సౌండు భరించలేనంత ఉండేది. వాళ్ల మానిటర్ ఇంజనీర్ జెర్రీ హార్వే ఆయన కోసం చెవికి సరిపోయే ఇయర్‌ఫోన్ తయారుచేశాడు. అక్కడి నుంచే 1995లో అల్టిమేట్ ఇయర్స్ కంపెనీ పుట్టింది. అంటే ఇది మొదట ఫ్యాషన్ కోసం వచ్చింది కాదండి. స్టేజీ మీద మనిషికి చెవి మిగలాలని వచ్చింది.

ఇప్పుడు చిన్న ప్రయోగం చేద్దాం. రబ్బరు టిప్పు ఉన్న ఇయర్‌ఫోన్ పెట్టుకున్నవాళ్లు దాన్ని వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. బేస్ పెరిగింది కదా? ఇప్పుడు కొంచెం వదులు చెయ్యండి. బేస్ పోయింది. ఇయర్‌ఫోన్ మారలేదు, పాట మారలేదు. గాలి లీకయింది, అంతే. సైకిల్ పంపులో వాషర్ అరిగిపోతే ఎంత కొట్టినా ట్యూబులోకి గాలి ఎక్కదు చూడండి, సరిగ్గా అదే. బేస్ పోతే మనం ఏం చేస్తాం? వాల్యూమ్ పెంచుతాం. చెవిని గట్టిగా మూసేది అయితే రెండు లాభాలు. బేస్ ఉన్నచోటే ఉంటుంది. బయటి గోల లోపలికి తక్కువ వస్తుంది. గోల తగ్గితే తక్కువ వాల్యూమ్‌లోనే అన్నీ వినబడతాయి. మొత్తం కిటుకు ఇదే. లోపల ఎన్ని డ్రైవర్లున్నాయి అన్నది తర్వాత సంగతి.

డ్రైవర్ అంటే శబ్దం పుట్టించే భాగం. మామూలు ఇయర్‌ఫోన్‌లో చిన్న స్పీకర్ ఉంటుంది, దాన్ని డైనమిక్ డ్రైవర్ అంటారు. నేను వాడింది బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్. రెండు అయస్కాంతాల మధ్య ఒక సన్నటి లోహపు రేకు ఉంటుంది. చుట్టూ ఉన్న కాయిల్‌లోకి పాట తాలూకు కరెంటు రాగానే ఆ రేకు ఊగుతుంది. దానికి అతికించిన చిన్న పుల్ల పైనున్న పొరని కదుపుతుంది. మన తాతయ్యలు పెట్టుకునే చెవి మిషన్‌లో ఉండేది ఇదే జాతి. అమెరికాలో నోల్స్, డెన్మార్క్‌లో సోనియన్ వీటికి పేరున్న కంపెనీలు. బావగారి కోసం నేను చెవికి రెండేసి పెట్టాను. బేస్‌కి నోల్స్ సీఐ-22955, మిగతా సౌండుకి అదే కంపెనీ ఈడీ-29689. ఇంట్లో చేసుకునేవాళ్లలో చాలామంది మొదలుపెట్టే జోడీల్లో ఇదొకటి. ఈడీకి బేస్ వెళ్లకుండా ఒక కెపాసిటర్, సీఐ నుంచి కీచు రాకుండా గొట్టంలో ఒక డ్యాంపర్. డ్యాంపర్ అంటే సన్నటి జల్లెడ ఉన్న బుల్లి గొట్టం. శబ్దాన్ని కాస్త పట్టి వదులుతుంది. టంకం పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. వేడి ఒకటి రెండు సెకన్లు మించితే డ్రైవర్ పోతుంది. నాది ఒకటి పోయింది, ఆయ్, అది నా చేతివాటమే.

ఇక షెల్, అంటే ఈ గాజు లాంటి గుల్ల. కోనసీమలో కొత్తపేట విగ్రహాలకి పేరు కదా. విగ్రహం ఎలా చేస్తారు? ముందు మట్టితో రూపం చేస్తారు. దాని మీద అచ్చు తీస్తారు. ఆ అచ్చులో పోత పోస్తారు. ఇదీ అంతేనండి, కాకపోతే వేలి గోరంత సైజులో. ముందు చెవి లోపలి రూపాన్ని మెత్తటి సిలికాన్‌తో తీస్తారు. దాన్ని ఇంప్రెషన్ అంటారు. దాన్ని చక్కగా చెక్కి, కరిగిన మైనంలో ఒకసారి ముంచి తీస్తే పైన నున్నటి పొర వస్తుంది. దాన్ని ఒక గ్లాసులో పెట్టి చుట్టూ జెలటిన్ గానీ పారదర్శకంగా ఉండే సిలికాన్ గానీ పోస్తాం. గట్టిపడ్డాక ఇంప్రెషన్ లాగేస్తే చెవి రూపంలో గుంట మిగులుతుంది. అందులో యూవీ రెసిన్ పోస్తాం. నెయిల్ పాలిష్ ఆరబెట్టే యూవీ ల్యాంప్ ఉంటుంది కదా, దాంట్లో కొన్ని సెకన్లు పెడతాం. వెలుతురు బయటి నుంచి లోపలికి వస్తుంది కాబట్టి ముందు అంచు గట్టిపడుతుంది, మధ్యలో ఇంకా ద్రవమే ఉంటుంది. ఆ ద్రవాన్ని వంపేస్తే గుల్ల మిగులుతుంది. టైమ్ ఎక్కువైతే గుల్ల కాదు, రాయి అవుతుంది. తక్కువైతే కోడిగుడ్డు పెంకులా పగులుతుంది. మన దగ్గర నాలుగైదు పాడైతే గానీ చెయ్యి కుదరదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. నగలకి, కీచైన్లకి వాడే మామూలు రెసిన్ చెవికి వాడొద్దు. చెవి మిషన్ల షెల్స్ కోసమే తయారుచేసే రెసిన్లు ఉన్నాయి, అవే తీసుకోండి. అవైనా సరే ద్రవంగా ఉన్నప్పుడు చేతికి తగలకూడదు. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి, కిటికీలు తీసి ఉంచండి. రెసిన్‌లోని అక్రిలేట్లకి ఒకసారి ఎలర్జీ పట్టుకుంటే వదలడం కష్టం. రేపు పంటికి సిమెంట్ పెట్టించుకోవాలన్నా ఇబ్బంది రావచ్చు, అందులోనూ ఆ జాతి పదార్థమే ఉంటుంది. ఇంకోటి. గాలి తగిలే చోట రెసిన్ పైపొర సరిగా ఆరక జిగురుగా ఉండిపోతుంది. అందుకే షెల్‌ని గ్లిజరిన్‌లో ముంచి మళ్లీ ల్యాంప్ కింద పెడతాం. గాలి తగలదు, పూర్తిగా ఆరుతుంది. జిగురు తగ్గకుండా చెవిలో పెట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు విషయం. మొదట్లో చెప్పిన ఇంప్రెషన్ తీసే పని.

సిలికాన్ కిట్లు, సిరంజిలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. రెండు ముద్దలు కలపడం, సిరంజిలో నింపడం, చెవిలోకి ఎక్కించడం, ఐదు నిమిషాలాగి లాగెయ్యడం. వీడియోలో చూస్తే ఇంతే అనిపిస్తుంది. నేనూ ఒక కిట్టు తెప్పించాను. ఆదివారం బావగారిని కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన కూడా ‘కానియ్యిరా’ అన్నారు. అప్పుడే అక్క వంటింట్లోంచి వచ్చింది. ‘ఒరేయ్, చెవిలో పిన్నీసు పెట్టుకుంటేనే నన్ను తిడతావు. నువ్వేమో గొట్టంతో జిగురు ఎక్కిస్తావా? లోపల ఏముందో నీకు కనబడుతుందా?’ అంది.

నాకు కనబడదు. దానికి జవాబు నా దగ్గర లేదండి.

మర్నాడు ముగ్గురం వినికిడి పరీక్షలు చేసి చెవి మిషన్లు అమర్చే సెంటర్‌కి వెళ్లాం. అక్కడ ఆడియాలజిస్ట్ మేడమ్ లైటున్న పరికరంతో లోపలికి చూశారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగారు: ‘చెవిలో నూనె వేసుకుంటారా?’ బావగారు ‘ఆయ్, దురదగా ఉంటే కొబ్బరినూనె వెచ్చజేసి రెండు చుక్కలండి’ అన్నారు. ‘కాలవలో స్నానం?’ ‘రోజూనండి.’ ‘మీ కుడి చెవిలో ఫంగస్ ఉంది. ఇప్పుడు నేను ఇంప్రెషన్ తీయను. ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి’ అన్నారు.

మనలాంటి ఉక్కపోత ఊళ్లలో చెవిలో ఫంగస్ రావడం మామూలేనట. తేమ, వేడి, పైన నూనె, దానికి ఇంకేం కావాలి! అలాంటి చెవిలోకి నేను ఆదివారం సిలికాన్ ఎక్కించి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ఝల్లుమంటుంది.

మేడమ్ ఇంకో మాట చెప్పారు. సిలికాన్ ఎక్కించే ముందు చెవి లోపల, రెండో వంపు దాటాక, దారం కట్టిన చిన్న స్పాంజి ముక్క పెడతారు. ఓటోబ్లాక్ అంటారు. అది సరైన చోట లేకపోతే, సైజు సరిపోకపోతే సిలికాన్ దాన్ని దాటుకుని కర్ణభేరి దాకా పోతుంది. కర్ణభేరికి ముందే చిల్లు ఉంటే మధ్యచెవిలోకి పోయి అక్కడే గట్టిపడుతుంది. అప్పుడు ఆపరేషన్ చేసి తీయాల్సిందే. అలాంటి కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. చెవిలో చిల్లు ఉన్న సంగతి తెలియనివాళ్లు కూడా ఉంటారు. అందుకే చెప్తున్నాను. డ్రైవర్లు మీరు అతికించుకోండి, షెల్ మీరు పోసుకోండి, పాలిష్ మీరు పెట్టుకోండి. ఇంప్రెషన్ మాత్రం చెవి లోపలికి చూసి తీయగలిగిన మనిషి దగ్గరే. నా మొత్తం ఖర్చులో దానికి అయింది చాలా తక్కువ.

అదే రోజు వినికిడి పరీక్ష కూడా చేశారు. ఆ కాగితం మీద గీత అన్నిచోట్లా బానే ఉంది. 4,000 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి గుంటలో పడ్డట్టు కిందికి దిగిపోయింది. పెద్ద శబ్దాల వల్ల దెబ్బతిన్న చెవిలో సాధారణంగా ఆ చుట్టుపక్కలే గుంట కనబడుతుందట. బావగారు అడిగారు: ‘మందులు వాడితే వస్తుందాండీ?’ ఆవిడ మెల్లగా చెప్పారు. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి రోమకణాలు ఉంటాయి. మనిషికి అవి పోతే మళ్లీ మొలవవు. ఉన్నవాటిని కాపాడుకోవడమే. తిరిగొచ్చేటప్పుడు కారులో ఎవరం పాటలు పెట్టలేదు.

చెవి నయమవడానికి కొన్ని వారాలు పట్టింది. తర్వాత ఇంప్రెషన్ తీశారు, నేను షెల్స్ పోశాను, నెల తిరక్కుండా మొదటి జత తయారైంది. ఇంట్లో పెట్టుకుంటే అద్భుతం. స్టేజీ ఎక్కారు. కోరస్ పాడటానికి నోరు తెరవగానే బేస్ మాయం! నోరు మూస్తే వచ్చేస్తుంది. ఎందుకలా? మీరూ చూడండి, చెవిలో చిటికెన వేలు మెల్లగా ఆనించి నోరు తెరిచి మూయండి. గోడ కదులుతోంది కదా? దవడ కదిలితే చెవి గొట్టం ఆకారం మారుతుంది. మేడమ్ తీసిన ఇంప్రెషన్ నోరు మూసి తీసింది. పాడే మనిషికి అని నేను చెప్పలేదు. తప్పు నాదే. పాడేవాళ్లకి పళ్ల మధ్య చిన్న దిమ్మ పెట్టి, నోరు తెరిచి ఉండగా తీయాలి. మళ్లీ వెళ్లాం, మళ్లీ తీయించాం, మళ్లీ పోశాను. రెండో జత నిలబడింది. పాడైనవాటితో కలిపి నాకు దాదాపు 12,000 రూపాయలు అయింది.

వాడకంలో నేర్చుకున్నవి కొన్ని చెప్తాను. ఒకటి, ఐఈఎం పెట్టుకున్నంత మాత్రాన చెవి సేఫ్ కాదు. అదే వాల్యూమ్‌లో పెడితే స్పీకర్ కంటే దగ్గరగా ఉండి ఇంకా చెరుపు చేస్తుంది. రెండు, మిక్సర్‌కీ చెవికీ మధ్య లిమిటర్ ఉండాలి. ఎవరో మైకు వైరు పీకితే వచ్చే ‘ఠప్’ నేరుగా కర్ణభేరి మీదికి వస్తుంది. మూడు, ఒక చెవిది తీసేసి వాయించకండి. జనం చప్పట్లు వినబడట్లేదని బావగారు మొదట్లో అలాగే చేసేవారు. తీసిన చెవికి స్టేజీ గోల, ఉన్న చెవికి పెంచిన వాల్యూమ్. రెండూ పోతాయి. జనం వైపు ఒక మైకు పెట్టి, దాన్ని కొంచెంగా ఇందులోకి కలిపాం. చప్పట్లు వచ్చేశాయి. నాలుగు, ప్రోగ్రాం అవ్వగానే పొడి గుడ్డతో తుడిచి, గొట్టంలో గులిమి ఉంటే తీసి, సిలికా జెల్ ప్యాకెట్ వేసిన డబ్బీలో పెట్టండి. మన గాలిలో తేమకి డ్రైవర్లూ పాడవుతాయి, చెవీ పాడవుతుంది. చెవి దురద పెడుతున్నా, నీళ్లు కారుతున్నా అసలు పెట్టుకోవద్దు.

ఇది చూసి ఆర్కెస్ట్రాలో ఇంకో ఇద్దరు అడిగారు, ‘మాకూ చేసిపెట్టు, డబ్బులిస్తాం’ అని. నేను చెయ్యనన్నాను. ఇంట్లోవాళ్లకి, మనకి మనం చేసుకోవడం హాబీ. డబ్బు తీసుకుని పరాయి మనిషి చెవిలో పెడితే అది బాధ్యత. నా మేడ మీద గదికి అంత అర్హత లేదు. వాళ్లని మాత్రం వినికిడి పరీక్షకి పంపాను. అది ఎవరైనా చెయ్యొచ్చు.

చివరగా ఒక మాట. బావగారి చెవిలో కీచురాయి ఇంకా అరుస్తూనే ఉంది. ఈ పరికరం దాన్ని తీసెయ్యలేదు, తీసెయ్యలేదు కూడా అని ఆయనకి తెలుసు. కానీ ప్రోగ్రాం మర్నాడు అది పెరగట్లేదంటున్నారు. మొన్న ఒక పందిట్లో నేను పక్కనే నిలబడ్డాను. అందరూ ‘పెంచండి, పెంచండి’ అంటున్నారు. మా బావగారు మిక్సర్ అబ్బాయి వైపు చూసి వేలు కిందికి చూపించారు, ‘నాది తగ్గించు బాబూ’ అని. ఆ అబ్బాయి రెండుసార్లు అడిగాడు, తగ్గించమన్నారా అని.

ఆయ్, తగ్గించమనే అన్నారు.

మీలో ఎవరికైనా ఏ పందిరి నుంచో, పెళ్లి నుంచో వచ్చాక చెవిలో గుయ్యిమంటుంటే దాన్ని పట్టించుకోండి. అలవాటైపోతుందిలే అనుకోకండి. ఒకసారి పరీక్ష చేయించుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో టంకం పని దగ్గర నుంచి చూపిస్తాను. ఉంటానండి.